పాత వ్యాను పెట్రోలు ట్యాంకు: వెంట్ వాల్వులు, సీళ్ల మరమ్మతు డైరీ

ఇదే పని తలపెట్టినవారు నా కొలతలను వాడుకోవాలని, నా తప్పులను మళ్లీ చేయకూడదని ఈ డైరీ రాస్తున్నాను. వ్యాను వయసు ముప్పై ఏళ్లు దాటింది. పెట్రోలు ఇంజను, ఇంజెక్షన్ పద్ధతి. ఉక్కు రేకు ట్యాంకు ముందు సీట్ల కింద అడ్డంగా ఉంటుంది, 60 లీటర్లు పడుతుంది. ట్యాంకు పైకప్పు మీద ఎడమ భుజాన ఒకటి, కుడి భుజాన ఒకటి వెంట్ వాల్వులు ఉన్నాయి. బండి ఒక పక్కకు వాలి నిలిచినప్పుడు ఒక వాల్వు పెట్రోలులో మునిగినా రెండోది గాలి అందించాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. రెండు వాల్వుల గొట్టాలూ కలిసి, ఆవిరిని పీల్చుకొనే బొగ్గు క్యానిస్టరుకు వెళతాయి. పైకప్పు మీద మొత్తం ఆరు సీళ్లు ఉన్నాయి: వెంట్ వాల్వులకు రెండు, పెట్రోలు వేడికి పెరిగినప్పుడు చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ గొట్టాలకు రెండు, పెట్రోలు మట్టం చూపే గేజి యూనిట్‌కు ఒకటి, పెట్రోలు పోసే మెడకు ఒకటి.

దశ 1: విప్పకముందు తీసుకున్న కొలతలు (1, 2 రోజులు)

బండికి రెండు జబ్బులు ఉన్నాయి, అవి ఒకదానికొకటి పొసగవు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు సీట్ల దగ్గర పెట్రోలు వాసన వస్తుంది. అంటే ఎక్కడో కారుతోంది. గంటసేపు నడిపి మూత తీస్తే బుస్సుమని చప్పుడు వస్తుంది. అంటే ఎక్కడో మూసుకుపోయింది. కారే ట్యాంకులో ఒత్తిడి తేడా ఎలా నిలుస్తుందన్నది నన్ను రెండు రోజులు తినేసిన ప్రశ్న.

బుస్సుమన్న గాలి లోపలికి పోతోందా, బయటికి వస్తోందా అన్నది చెవికి తెలియదు. అందుకే మూత తీసిన వెంటనే ఆ నోటి మీద పలుచని పాలిథీన్ ముక్కను వదిలాను. అది గుంటగా లోపలికి పీల్చుకుపోయింది. కనుక ట్యాంకులో ఉన్నది శూన్యం, ఆవిరి పీడనం కాదు. మరో సంగతి కూడా గమనించాను: నడిపిన వెంటనే తీస్తే చప్పుడు ఉంది, రాత్రంతా నిలిపి ఉదయం తీస్తే లేదు. గంటకు సుమారు 8 లీటర్ల పెట్రోలు ఖర్చయితే సెకనుకు రెండు ఘన సెంటీమీటర్లకు పైగా గాలి లోపలికి రావాలి. చిన్న ఊట కంత అంత గాలిని ఇవ్వలేదు. కానీ రాత్రంతా సమయమిస్తే లోటు తీర్చగలదు. రెండు జబ్బులూ ఒకేసారి ఉండగలవని ఆ లెక్కతో తేలింది.

కారడం ఏ మట్టం దగ్గర మొదలవుతుందో చూడటానికి ట్యాంకును దాదాపు ఖాళీ చేసి, 5 లీటర్ల లోహపు డబ్బాతో పోస్తూ, ప్రతిసారీ పొడవాటి కాడ ఉన్న చిన్న అద్దంతో పైకప్పును చూశాను. టార్చిని బండికి దూరంగా వెలిగించి తరువాతే కిందికి తీసుకువెళ్లాను. 45 లీటర్ల వరకు పొడిగా ఉంది. మరో లీటరు పోయగానే కుడి భుజాన తడి కనిపించింది.

ఇప్పటివరకు మొత్తం: 2 గంటల 30 నిమిషాలు. వాడిన భాగాలు లేవు, విరిగినవీ లేవు.

దశ 2: ట్యాంకు దింపడం (5 నుంచి 7 రోజులు)

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ఎక్కువ ప్రమాదకరం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఖాళీ అవుతున్న ట్యాంకు ఆ మధ్య స్థితిలోకి తప్పక వస్తుంది. ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కనుక నేల మీద పాకుతుంది, గుంటలో నిలుస్తుంది. అందువల్ల రిపేరు గుంటలో కాకుండా బయలు ప్రదేశంలో, స్టాండ్ల మీద ఎత్తిన బండి కింద పని చేశాను. మంటలార్పే పొడి సిలిండరు చేతికి అందేంత దూరంలో ఉంచాను.

1. బ్యాటరీని విప్పి బండి నుంచి పూర్తిగా బయటికి తీశాను.
2. ట్యాంకునూ పెట్రోలు పట్టే లోహపు డబ్బానూ రాగి తీగతో కలిపాను, స్థిర విద్యుత్తు రవ్వ పుట్టకుండా.
3. చేతి పంపుతో పెట్రోలు తోడాను. నోటితో పీల్చలేదు, ఎవరూ పీల్చకూడదు.
4. అడుగున మిగిలిన 4 లీటర్లతో ట్యాంకును జాకీ మీద, వెడల్పాటి చెక్క పలక వేసి ఆనించాను.
5. పట్టీల బోల్టులకు తుప్పు వదిలించే నూనె రాసి రెండు రాత్రులు ఆగాను.

అయినా ఒక నట్టు కదలలేదు. గ్రైండరు పెట్టాలన్న ఆలోచన వచ్చింది కానీ నిప్పురవ్వలు కురిసే పనిముట్టుకు అక్కడ చోటు లేదు. చేత్తో తిప్పే నట్ స్ప్లిటరుతో చీల్చాను, ఇరవై నిమిషాలు పట్టింది.

అసలు పొరపాటు ఆ తరువాత జరిగింది. పట్టీలు ఊడగానే ట్యాంకును ఒకేసారి దింపాను. ఎడమ వెంట్ వాల్వు గొట్టం ఇంకా బిగించే ఉంది, పైన కనబడని చోట. ఎండి పెళుసైన ప్లాస్టిక్ మొన టప్పున విరిగింది. చేయవలసింది ఇది: ముందు 60 మిల్లీమీటర్లు మాత్రమే దింపి, ఆ సందులో చెయ్యి పెట్టి గొట్టాలన్నీ తడిమి, విప్పి, తరువాత పూర్తిగా దింపాలి. ఈ విరుపు వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. పాత సీళ్లు ఎంత కారుతున్నాయో పీడన పరీక్షతో ముందే కొలిచి పెట్టుకొనే అవకాశం పోయింది, తరువాత పోల్చుకోవడానికి ఆధారం మిగలలేదు.

ఇప్పటివరకు మొత్తం: 8 గంటల 40 నిమిషాలు. విరిగినవి: ఒక వాల్వు మొన, ఒక నట్టు.

దశ 3: పైకప్పు చెప్పిన సంగతులు (8వ రోజు)

పైకప్పు మీద 12 మిల్లీమీటర్ల మందాన బురద పేరుకుంది. చక్రాలు చిమ్మిన మట్టి అక్కడ ఆగి, తడిని పట్టి ఉంచి, రేకును తినడం మొదలుపెట్టింది. తుప్పు గుంటలు ఐదు కనిపించాయి, వాటిలో లోతైనది 0.4 మిల్లీమీటర్లు. రేకు మందం తెలుసుకోవడానికి ట్యాంకు నడుము చుట్టూ ఉన్న అతుకు అంచును కొలిచాను; రెండు రేకులు కలిపి 1.8 వచ్చింది, అంటే ఒక్కోటి సుమారు 0.9. సగానికి పైగా లోహం మిగిలింది కనుక ట్యాంకును ఉంచుకోవాలని నిర్ణయించాను. కంత పడి ఉంటే మాత్రం వెల్డింగు జోలికి పోకుండా వేరే ట్యాంకు చూసుకొనేవాడిని. పెట్రోలు పట్టిన ట్యాంకును ఇంటి దగ్గర వెల్డింగు చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. తుప్పును చేతి బ్రష్షుతో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూసి, ఎపాక్సీ రంగు రెండు పొరలు వేశాను.

సీళ్లు తీసి చూస్తే గుండ్రంగా ఉండవలసిన రబ్బరు చదునైపోయింది. 3.5 మిల్లీమీటర్ల ఓ-రింగు ఎత్తు 2.7కు తగ్గింది, బయటికి తీసిన తరువాత కూడా తిరిగి లేవలేదు. వెనక్కి తోయని రబ్బరు సీలు పని చేయదు. గ్రోమెట్ల, అంటే రేకు రంధ్రాల్లో కూర్చొనే రబ్బరు వలయాల, పెదవులు కొమ్ములా గట్టిపడ్డాయి.

వాల్వుల విషయానికి వస్తే, వాటి లోపల ఒక ఫ్లోటు, దాని కింద బలహీనమైన స్ప్రింగు ఉంటాయి. నిటారుగా ఉన్నప్పుడు ఆవిరి పోవాలి. పెట్రోలు పైకి లేచినా, బండి బోల్తా పడినా ఫ్లోటు దారిని మూసేయాలి. చెవి దగ్గర ఊపితే టిక్కుమనాలి. రెండూ మూగగా ఉన్నాయి. రబ్బరు బల్బుతో గాలి ఊది చూశాను. కుడిది ఏ భంగిమలోనూ గాలి పోనివ్వలేదు. ఎడమది అన్ని భంగిమల్లోనూ పోనిచ్చింది, తలకిందులు చేసినా. పాత పెట్రోలు ఎండి జిగురై, ఒక ఫ్లోటును పైన, మరొకదాన్ని కింద అంటించింది.

ఇక్కడ నా వాదానికి అడ్డు తగిలింది. ఎడమది ఎప్పుడూ తెరిచే ఉంటే శూన్యం ఎలా వచ్చింది? గొట్టం వెంట క్యానిస్టరు దాకా వెళ్లాను. దానికి బయటి గాలి అందించే పైపు కొసలో కుమ్మరి పురుగు మట్టితో గూడు కట్టుకుంది, 30 మిల్లీమీటర్ల పొడవున, సిమెంటులా గట్టిగా. ఇంజను నడిచేటప్పుడు క్యానిస్టరులోని ఆవిరిని లోపలికి లాక్కుంటుంది. బయటి గాలి దారి మూసుకుంటే ఆ లాగుడు ట్యాంకు మీద పడుతుంది. అంటే పెట్రోలు ఖర్చు వల్ల ఏర్పడే శూన్యానికి ఇంజను పీల్పు కూడా తోడైంది. ఇటువంటి వేళ ఆదుకోవలసింది పెట్రోలు మూతలోని శూన్య వాల్వు. దాని స్ప్రింగు తుప్పుతో బిగుసుకుపోయింది. బుస్సుమనే చప్పుడు ఒక్కటే మీ సమస్య అయితే, ట్యాంకు దింపకముందే ఆ పైపు కొసను, మూతను చూడండి. పది నిమిషాల పని. నేను కొండను తవ్విన తరువాత ఎలుకను చూశాను, అయితే నా ట్యాంకు ఎలాగూ కారుతోంది కనుక తవ్వకం వృథా కాలేదు.

తెరుచుకొనే ఉన్న ఎడమ వాల్వు గుండా ద్రవ పెట్రోలు క్యానిస్టరులోకి కూడా చేరింది. తీసినప్పుడు అది 1,240 గ్రాములు తూగింది. నీడలో, గాలి ఆడే చోట విడిచిపెట్టాను.

ఇప్పటివరకు మొత్తం: 12 గంటలు. మార్చవలసినవి: ఆరు సీళ్లు, ఎడమ వాల్వు, మూత, అన్ని గొట్టాలు.

దశ 4: రబ్బరు విషయంలో పడిన దెబ్బ (10 నుంచి 26 రోజులు)

కొలతలు సరిపోయాయన్న ఒక్క కారణంతో, ఏ రబ్బరో రాసిలేని నల్ల సీళ్ల పెట్టె నుంచి ఆరు తీసి అమర్చాను. పరీక్ష కోసం ట్యాంకు నోళ్లన్నీ బిరడాలతో మూసి, 5 లీటర్ల పెట్రోలు పోసి, పళ్లెం మీద తలకిందులుగా రాత్రంతా నిలిపాను. ఆ పద్ధతిని ఎవరూ అనుసరించవద్దు. ఉదయానికి రెండు గ్రోమెట్లు ఉబ్బి రంధ్రాల నుంచి సగం బయటికి తోసుకొచ్చాయి, పళ్లెంలో రెండు లీటర్లు చేరాయి. ఆరుబయట ఉండడం వల్లనే అది కేవలం నష్టంగా మిగిలింది.

బుద్ధి వచ్చిన తరువాత చేసిన పని ఇది. నాలుగు రకాల 3.5 మిల్లీమీటర్ల ఓ-రింగులను, బండిలో పోసే పెట్రోలునే నింపిన గాజు సీసాల్లో ఏడు రోజులు నానబెట్టాను. తరువాత మరో ఏడు రోజులు గాలికి ఆరబెట్టి మళ్లీ కొలిచాను.

1. పేరు లేని నల్ల రబ్బరు 4.4కు ఉబ్బింది. మందం నాలుగో వంతు పెరిగిందంటే ఘనపరిమాణం దాదాపు రెట్టింపయిందని అర్థం. ఇది బ్రేకు ద్రవానికి, రేడియేటరు నీటికి బాగా పనికివచ్చే ఈపీడీఎం అయి ఉండాలి. పెట్రోలుకు అది పరమ శత్రువు.
2. సిలికోను 4.5కు ఉబ్బి, గోరుతో చీలేంత మెత్తబడింది.
3. నైట్రైల్ 3.65కు పెరిగింది. ఆరిన తరువాత 3.44కు తగ్గింది.
4. ఎఫ్‌కేఎం, అంటే వైటాన్ అన్న పేరుతో అందరూ పిలిచేది, 3.53 దగ్గర ఆగింది. ఆరిన తరువాత 3.51.

మూడో వరుసను మరోసారి చదవమని కోరుతున్నాను. నైట్రైల్ పెట్రోలులో ఉన్నంతసేపు కొద్దిగా ఉబ్బి బాగానే పట్టుకుంటుంది. కానీ పెట్రోలు దానిలోని మెత్తదనమిచ్చే నూనెలను కడిగివేస్తుంది కనుక, ఆరిపోగానే మొదటి కొలత కంటే చిన్నదవుతుంది. ట్యాంకు అడుగున ఎప్పుడూ తడిగా ఉండే సీలుకు ఇది సమస్య కాదు. పైకప్పు సీళ్లు నిండు ట్యాంకులో తడిసి, సగం ట్యాంకులో వారాల తరబడి ఎండుతాయి. పాత బండ్లలో పై సీళ్లు ముందుగా కారడానికి ఇది ఒక కారణమని ఈ సీసాలు చూశాక నాకు నమ్మకం కలిగింది. ఇథనాలు కలిసిన పెట్రోలు నైట్రైల్‌ను ఇంకా ఎక్కువ ఉబ్బిస్తుంది.

కాబట్టి ఎఫ్‌కేఎం ఎంచుకున్నాను. దానికీ లోపాలున్నాయి. మామూలు రకం సున్నాకు దిగువన 15, 20 డిగ్రీల దగ్గర బిరుసెక్కుతుంది. గడ్డకట్టే చలిలో తిరిగే బండికి చలిని తట్టుకొనే ప్రత్యేక రకం అడగాలి. కాలిపోయిన బండి నుంచి తీసిన ఎఫ్‌కేఎం సీళ్లను వట్టి చేతులతో ముట్టుకోకూడదు, అవి మాడినప్పుడు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది.

ఇప్పటివరకు మొత్తం: 15 గంటల 30 నిమిషాలు, నానబెట్టిన రోజులు లెక్కలో లేవు. పారవేసిన సీళ్లు: ఆరు.

దశ 5: వాల్వుల శుభ్రత (13 నుంచి 22 రోజులు)

విరిగిన ఎడమ వాల్వు ఎలాగూ పోయింది కనుక దాని మీద ముందు ప్రయోగం చేశాను. కార్బురేటరు క్లీనరులో గంటసేపు ఉంచితే జిగురు అద్భుతంగా కరిగింది. కానీ ఫ్లోటు ఉపరితలం మసకబారి, వ్యాసం 18.0 నుంచి 18.3కు పెరిగింది. అది కదిలే గూడు వ్యాసం 18.2. శుభ్రమైన ఫ్లోటు శుభ్రంగా ఇరుక్కుంది. మంచి వాల్వును ముందుగా అందులో వేసి ఉంటే దానినీ పోగొట్టుకొనేవాడిని.

కుడి వాల్వుకు నెమ్మదైన దారి ఎంచుకున్నాను.

1. మూత ఉన్న సీసాలో తాజా పెట్రోలు పోసి, ఒక రాత్రి ఒక పగలు నానబెట్టాను.
2. మెత్తని పళ్ల బ్రష్షుతో గూటి అంచులు తోమాను, లోహపు ముల్లు వాడలేదు.
3. తాజా పెట్రోలుతో రెండోసారి నానబెట్టాను, మొదటిది తేనె రంగుకు తిరిగింది.
4. పూర్తిగా ఆరబెట్టి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, మళ్లీ ఆరబెట్టాను.

ఇప్పుడు ఊపితే టిక్కుమంటోంది. పలక మీద కట్టి, కోణమానితో వంచుతూ బల్బుతో ఊదాను. కొత్త ఎడమ వాల్వు 48 డిగ్రీల దగ్గర మూసుకుంది, శుభ్రం చేసిన కుడిది 55 దగ్గర. పదిసార్లు వంచితే పదిసార్లూ మూసుకుంది, నిటారుగా పెట్టగానే తెరుచుకుంది. ఏడు డిగ్రీల తేడా గురించి కొంత ఆలోచించి, వాడవచ్చునని నిర్ణయించాను. మామూలు రోడ్డు వాలు ఏదీ ఆ రెండు కోణాల దరిదాపులకు రాదు, బోల్తా పడితే రెండూ దాటిపోతాయి.

ఇప్పటివరకు మొత్తం: 19 గంటల 30 నిమిషాలు. కొత్త భాగాలు: ఒక వాల్వు.

దశ 6: అమర్చడం (28వ రోజు)

1. రంధ్రాల అంచులను 400 నంబరు ఎమెరీ కాగితంతో తుడిచి, పొడి ట్యాంకులో పడకుండా లోపల గుడ్డ ఉంచాను.
2. గ్రోమెట్లను వేడి నీటిలో పది నిమిషాలు మెత్తబరిచాను.
3. పలుచని సబ్బు నీరు రాసి, పెదవిని వేలితో తిప్పుతూ కూర్చోబెట్టాను. స్క్రూడ్రైవరు మొన తగిలితే పెదవి తెగుతుంది.
4. వాల్వు మొనను 14 మిల్లీమీటర్లు లోపలికి దించి, గుర్తు గీత పెట్టాను.
5. గొట్టాలను ఎస్‌ఏఈ జే30 ఆర్9 అనే ప్రమాణపు రకంతో మార్చాను.

ఆర్9 అన్నది ఇంజెక్షన్ పీడనానికి తగిన రకం. ఆవిరి గొట్టానికి అంత బలం అక్కరలేదు. కానీ దాని లోపలి పొర ఎఫ్‌కేఎం కావడం వల్ల ఆవిరి గొట్టం గోడ గుండా ఊరి వాసన రావడం తక్కువ. చీలికలున్న మామూలు క్లిప్పు పట్టీ మెత్తని గొట్టాన్ని కోస్తుంది కనుక, అంచులు పైకి మడిచిన నునుపు క్లిప్పులు వాడాను.

ఇప్పటివరకు మొత్తం: 22 గంటల 15 నిమిషాలు. వాడిన ఎఫ్‌కేఎం సీళ్లు: ఆరు.

దశ 7: పీడన పరీక్ష, దాని అబద్ధాలు (29 నుంచి 32 రోజులు)

కంప్రెసరు గాలి ట్యాంకుకు పెట్టకూడదు. లెక్క చూడండి: పైకప్పు 900 మిల్లీమీటర్ల పొడవు, 500 వెడల్పు, అంటే 0.45 చదరపు మీటరు. 250 మిల్లీమీటర్ల నీటి మట్టం అంటే 2.45 కిలోపాస్కల్ మాత్రమే. అంత స్వల్ప పీడనానికే పైకప్పు మీద 112 కిలోల బరువుకు సమానమైన తోపు పడుతుంది. టైరులో ఉండే పీడనం పెడితే ట్యాంకు డోలులా ఉబ్బుతుంది. సైకిలు పంపు చాలు.

కొలవడానికి పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో పలకకు కట్టి, రంగు నీళ్లు పోసి, పక్కన స్కేలు అంటించాను. రెండు మట్టాల మధ్య తేడాయే కొలత. 60 లీటర్ల ఖాళీ ట్యాంకులో 10 మిల్లీమీటర్లు తగ్గడమంటే సుమారు 58 ఘన సెంటీమీటర్ల గాలి పోయినట్టు.

మొదటి పరీక్షలో 250 నుంచి పది నిమిషాల్లో 190కి పడిపోయింది. సబ్బు నురుగుతో ట్యాంకంతా కడిగినా ఒక్క బుడగ లేదు. 60 మిల్లీమీటర్లంటే 350 ఘన సెంటీమీటర్లు, నిమిషానికి 35. అంత గాలి పోతుంటే బుడగలు బుసబుస పొంగాలి. అరగంట తరువాత మళ్లీ చేశాను. ఈసారి మట్టం 40 మిల్లీమీటర్లు పెరిగింది. గాలిని పుట్టించే ట్యాంకును నేను ఇంతకుముందు చూడలేదు.

కారణం ఉష్ణోగ్రత. మూసిన పాత్రలో గాలి ఒక డిగ్రీ చల్లబడితే పీడనం సుమారు 0.345 కిలోపాస్కల్, అంటే 35 మిల్లీమీటర్ల నీరు తగ్గుతుంది. మొదటిసారి ట్యాంకును ఎండ నుంచి నీడకు తెచ్చిన వెంటనే పంపు కొట్టాను. డిగ్రీన్నర పైచిలుకు చల్లబడితే చాలు, ఆ 60 వచ్చేస్తుంది. రెండోసారి నీడ జరిగి పైకప్పు మీద ఎండ పడింది. లోపల తడి మిగిలి ఉంటే ఆవిరయ్యే పెట్రోలు కూడా పీడనాన్ని పెంచి, నిజంగా ఉన్న కారుడును కప్పిపెడుతుంది. బండి ట్యాంకు పీడనం కొలుస్తున్నానని అనుకున్నాను. నేను చేసినది ఒక పెద్ద, ఖరీదైన థర్మామీటరు.

మూడో పరీక్షకు మార్చినవి:

1. ట్యాంకును రెండు రోజులు నోళ్లు తెరిచి, గాలికి పూర్తిగా ఆరనిచ్చాను.
2. తెల్లవారుజామున, దుప్పట్లు కప్పి, రేకుకు థర్మామీటరు మొన అంటించి చేశాను.
3. పంపు కొట్టిన తరువాత అరగంట ఆగి, మట్టాన్ని తిరిగి 250కి సరిచేసి, అప్పటి నుంచి సమయం లెక్కించాను.

పావుగంటలో 238కి దిగింది, ఉష్ణోగ్రత 0.1 డిగ్రీ కూడా మారలేదు. ఇది నిజమైన కారుడు. నురుగు పూసి ఓపికగా చూస్తే కుడి ఎక్స్‌పాన్షన్ గ్రోమెట్ అంచున ఆవగింజంత బుడగలు వరసగా పుట్టాయి. గ్రోమెట్ తీస్తే, రంధ్రం అంచున ఒక తుప్పు గుంట పెదవి కింద నుంచి బయటికి కాలువలా తెరుచుకొని ఉంది. దానిని ఎపాక్సీతో నింపి, ఆరిన తరువాత నునుపు చేసి, కొత్త గ్రోమెట్ పెట్టాను. మరునాటి తెల్లవారుజామున అరగంటలో 250 నుంచి 247కు మాత్రమే తగ్గింది, రేకు ఉష్ణోగ్రత ఈసారీ కదలలేదు. నురుగులో ఎక్కడా బుడగ లేదు. ఒప్పుకున్నాను.

ఇప్పటివరకు మొత్తం: 27 గంటల 15 నిమిషాలు. వాడిన ఎఫ్‌కేఎం సీళ్లు: ఏడు.

దశ 8: ఎక్కించడం, నింపడం (33 నుంచి 75 రోజులు)

ఈసారి 60 మిల్లీమీటర్ల సందు ఉంచి గొట్టాలన్నీ బిగించి, క్లిప్పులు తడిమి చూసి, తరువాతే పైకి ఎత్తాను. మట్టం పెంచుతూ ప్రతి సీలు కింద తెల్ల కాగితం ముక్క పెట్టి చూశాను. 20, 40, 46, 50 లీటర్ల దగ్గర కాగితాలు పొడిగా ఉన్నాయి. 50 దాటిన తరువాత రెండు కొత్త గొడవలు తలెత్తాయి.

మొదటిది, పెట్రోలు మెడలో ఆగి ఆగి దిగుతూ గుడగుడమంది. కుడి వెంట్ గొట్టాన్ని అవసరానికి మించి పొడుగ్గా కోశాను. అది 40 మిల్లీమీటర్లు కిందికి వేలాడి, ఆ పల్లంలో పెట్రోలు నిలిచి ఆవిరి దారిని కట్టేసింది. వెంట్ గొట్టం వాల్వు నుంచి మొదలై ఎక్కడా పల్లం లేకుండా పైకే పోవాలి. 70 మిల్లీమీటర్లు కోసివేసి, మధ్యలో ఒక క్లిప్పుతో ఎత్తి కట్టగానే చప్పుడు ఆగింది.

రెండోది, 55 లీటర్ల దగ్గర పోసే మెడ వైపు కాగితం తడిసింది. మెడ సీలు పరీక్షలో నెగ్గింది కదా అనుకుంటే, తడి దానికి పైన, మెడను బండి పక్కభాగంతో కలిపే లావుపాటి గొట్టం నుంచి వస్తోంది. పరీక్షప్పుడు బిరడాను ట్యాంకు నోట్లోనే పెట్టాను కనుక ఆ గొట్టం పరీక్షలోకే రాలేదు. వంపు లోపలి వైపు వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయి. గొట్టం, రెండు క్లిప్పులు మార్చాను. పరీక్ష బిరడాను పైన, మూత ఉండే చోట బిగించే ఏర్పాటు చేసుకొని ఉంటే ఈ పని కింద నేల మీదే అయిపోయేది.

నింపే విషయంలో ఒక లెక్క. పెట్రోలు డిగ్రీకి వెయ్యింట ఒక వంతుకు కొంచెం తక్కువగా వ్యాకోచిస్తుంది. చల్లని పెట్రోలు 60 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే 1.1 లీటరు పెరుగుతుంది. గొంతు దాకా నింపిన ట్యాంకులో ఆ లీటరుకు వెంట్ గొట్టాలు తప్ప దిక్కు లేదు. బంకులో పెట్రోలు పోసే తుపాకీ మొదటిసారి ఆగినప్పుడే ఆపడం అలవాటు చేసుకున్నాను.

ఆరిన క్యానిస్టరు 990 గ్రాములకు దిగి అక్కడే నిలిచింది కనుక తిరిగి పెట్టాను. కొత్త మూత శూన్య వాల్వును కూడా నీటి గొట్టంతో పరీక్షించాను. 310 మిల్లీమీటర్ల దగ్గర తెరుచుకుంది. క్యానిస్టరు గాలి పైపు కొసకు తీగ వల కట్టాను. సన్న వల అయితే దుమ్ముతో అదే మూసుకుపోతుంది కనుక 2 మిల్లీమీటర్ల కళ్లున్న వల తీసుకున్నాను.

చివరి మొత్తం: 32 గంటల 45 నిమిషాలు. వాడిన ఎఫ్‌కేఎం సీళ్లు ఏడు, పారవేసిన తప్పు సీళ్లు ఆరు, కొత్త వాల్వు ఒకటి, మూత ఒకటి, మెడ గొట్టం ఒకటి, ఆర్9 గొట్టం 3.2 మీటర్లు, క్లిప్పులు పద్నాలుగు.

75వ రోజు తనిఖీ: మూడుసార్లు నింపి, ఒకసారి మధ్యాహ్నమంతా ఎండలో నిలిపాను. వాసన లేదు, కాగితాలు పొడిగా ఉన్నాయి. గంట నడిపి మూత తీసి పాలిథీన్ ముక్క వదిలితే కదలకుండా చదునుగా పడుకుంది. క్యానిస్టరు బరువు 1,010 గ్రాములు. దాని గాలి పైపు చూడటానికి వంగితే, వల అంచున వేలి గోరంత తడి మట్టి అంటుకొని ఉంది. కుమ్మరి పురుగు మళ్లీ వచ్చి, లోపలికి దారి దొరక్క, గూటిని బయటి వైపు నుంచి మొదలుపెట్టింది. మట్టిని తుడిచివేసి, ఈ పైపును నెలకోసారి చూడవలసిన జాబితాలో చేర్చాను.